వరద బాధితుల దగ్గర మతం మాట ఎత్తవచ్చా? ఎక్కడిదాకా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కడపలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పి.జి.) చదువుతూ ముంపు గ్రామాల్లో ఫీల్డ్‌వర్క్ చేస్తున్నారు. బాధితులు మాట మాటకీ దేవుణ్ణో కర్మనో ఎత్తుతున్నారు. తరగతిలో మాత్రం మతానికి దూరంగా ఉండమన్నారు. ఏం మాట్లాడాలి, పూజారి, ఇమాం, పాస్టర్లతో కలిసి పనిచేయాలా, మీ సంస్థవాళ్ళు అనుకుంటున్న సర్వమత ప్రార్థన మంచిదేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ అంతట మీరు ఎత్తకండి. వాళ్ళు ఎత్తితే దాటేయకండి. మొదటి నెలలో మతం అంటే దేవుడున్నాడా లేడా అన్న చర్చ కాదు. శవాన్ని ఎప్పుడు అప్పగిస్తారు, పూడుస్తారా కాలుస్తారా, దినాలు ఏ రోజు, మైలలో ఉన్నవాళ్ళు సాయం తీసుకోవడానికి ఎక్కడికి రాగలరు, ఇద్దత్‌లో (భర్త పోయాక ముస్లిం స్త్రీ ఇంట్లో గడిపే గడువులో) ఉన్నామె సంతకం ఎవరు పోయి తెస్తారు: ఇదీ మతం. ఇవన్నీ సరిగ్గా జరిగేలా చూస్తే మీరు దేవుడి గురించి ఒక్క ముక్క మాట్లాడే పని ఉండదు. ఇవి చెడితే, ఎంత కౌన్సెలింగ్ చేసినా ఆ ఇంట్లో మిమ్మల్ని నమ్మరు.

తరగతిలో చెప్పింది తప్పేం కాదు. మీ మతాన్ని పనిలోకి తేవద్దన్నారు. వాళ్ళ మతాన్ని పట్టించుకోవద్దని కాదు. విపత్తుల్లో మానసిక, సామాజిక సహాయంపై ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 2007లో ఇచ్చిన ఐ.ఎ.ఎస్.సి. మార్గదర్శకాల్లో, బాధితులు తమ సొంత ఆచారాల ద్వారా తేరుకునేందుకు వీలు కల్పించాలని ఒక విభాగమే ఉంది. హాని చేసే ఆచారాలకు తోడుపోవద్దనీ అందులోనే ఉంది.

ముందు శవం సంగతి

అధికారులు కంగారుపడేది ఇక్కడే. శవాలు ఎక్కువైతే అంటురోగాలు వస్తాయన్న భయంతో గబగబా సామూహికంగా పూడ్చేయడమో కాల్చేయడమో జరుగుతుంది. నీళ్ళలో మునిగో, గోడ కూలో చనిపోయినవాళ్ళ శవాల వల్ల ఊళ్ళో రోగాలు ప్రబలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెప్తోంది. తాగునీటిలో శవం పడితే ఆ నీళ్ళు పనికిరావు, శవాన్ని ఎత్తేవాళ్ళకు గ్లౌజులు కావాలి. అంతకు మించిన తొందర అక్కర్లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో మృతదేహాల నిర్వహణపై విడిగా మార్గదర్శకాలే ఇచ్చింది. తహసీల్దారు ఆఫీసులో మాట్లాడేటప్పుడు దాని పేరు చెప్తే మీ మాటకు బరువు వస్తుంది.

గుర్తు తెలియని శవాన్ని ఏ మతమైనా కాల్చనివ్వకండి. కాలిస్తే తర్వాత డి.ఎన్.ఏ. పరీక్షకు ఏమీ మిగలదు. కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 2025 అక్టోబరులో బస్సు కాలిపోయినప్పుడు గుర్తుపట్టలేని దేహాలను డి.ఎన్.ఏ. పోల్చాకే ఇళ్ళవాళ్ళకు అప్పగించాల్సి వచ్చింది. భద్రపరచడానికి చోటు లేకపోతే తాత్కాలికంగా పూడ్చాలి. లోతు మీటరున్నర, దేహానికీ దేహానికీ మధ్య 40 సెంటీమీటర్లు, ఒకే వరుస, ఒకదానిమీద ఒకటి వేయకూడదు. తాగునీటి బావికీ బోరుకీ కనీసం 200 మీటర్ల దూరం. ప్రతి దేహానికీ ఒక నంబరు, అదే నంబరుతో ముఖం ఫోటో, బట్టల ఫోటో, ఒంటి మీది వస్తువుల ఫోటో.

ఆ వస్తువుల్ని బట్టి మతం తేల్చేయకండి. మెడలో తావీజు ఉంటే ముస్లిం అనుకోవడం రాయలసీమలో కుదరదు. దర్గాకు మొక్కుకునే హిందువులు ఇక్కడ లెక్కలేనంతమంది. అనంతపురం వైపు గూగూడు కుళ్ళాయస్వామి పీర్ల పండగకు పోయేవాళ్ళలో హిందువులూ ఉంటారని మీకు తెలియంది కాదు. పేర్లు చూసి రాసుకోవడం అంతకన్నా ప్రమాదం: ఫక్కీరప్ప, హుస్సేనప్ప, దస్తగిరి అన్న పేర్లు హిందువుల ఇళ్ళల్లోనూ ఉంటాయి. ఫారంలో మతం గడి ఉంటే అడిగి నింపండి, అడగడానికి ఎవరూ లేకపోతే ఖాళీగా వదలండి.

బయటి సంస్థలు ఎప్పుడూ చేసే ఇంకో పొరపాటు, హిందువులంటే దహనమే అనుకుని కట్టెలు తోలించడం. రాయలసీమలో పూడ్చిపెట్టే కులాలు చాలా ఉన్నాయి. లింగాయతులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు, వాళ్ళ పురోహితుడు జంగమయ్య రావాలి. కొన్ని ఇళ్ళల్లో కార్యం జరిపించే వైష్ణవ దాసరయ్య లేకుండా కార్యం జరగదు. నిజంగా దహనమే అయితే కష్టం వేరు: ఒక చితికి మూడు నాలుగు క్వింటాళ్ళ ఎండు కట్టె కావాలి, వరద పోయిన ఊళ్ళో ఎండు కట్టె ఉండదు. ముంపు తగలని పక్క టౌను అడితిలో మాట్లాడి పెట్టుకోవడం కూడా మీ పనే.

ముస్లిం కుటుంబాలకు ఆలస్యమే పెద్ద బాధ. వీలైనంత త్వరగా గుసుల్ (స్నానం) చేయించి దఫన్ చేయాలి (పూడ్చాలి). ఎక్స్‌గ్రేషియా ఫైలుకు పంచనామా, పోస్టుమార్టం కాగితాలు అడుగుతారు కాబట్టి వాటిని తప్పించే ప్రయత్నం చేయకండి, త్వరగా అయ్యేలా చూడండి. వసతి ఉన్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో అనుమతిచ్చింది. కుళ్ళిన దేహాలకూ, అనుమానాస్పద మరణాలకూ మాత్రం అది మామూలుగా వర్తించదు. కఫన్‌కు (దేహానికి చుట్టడానికి) కుట్టని తెల్లగుడ్డ, మగవాళ్ళకు మూడు ముక్కలు, ఆడవాళ్ళకు ఐదు. మసీదు కమిటీ దగ్గర ఉంటుంది కానీ మసీదే మునిగి ఉంటే మీరే తెప్పించాలి. దేహం కడగలేని స్థితిలో ఉంటే ఏం చేయాలో వాళ్ళ ధర్మంలోనే దారి ఉంది. దాన్ని ఇమాం చెప్పాలి, మీరు కాదు.

దేహమే దొరకనప్పుడు

అన్నిటికన్నా నలిగిపోయేది ఈ ఇళ్ళే. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు అప్పటి కడప జిల్లాలోని రాజంపేట, నందలూరు వైపు ఊళ్ళ మీద పడ్డప్పుడు గల్లంతైనవాళ్ళ కోసం రోజుల తరబడి ఇసుక మేటల్లో వెతికారు.

ఇలాంటి ఇంట్లో రెండు పక్షాలు ఉంటాయి. తమ్ముడు "దినాలు చేసేద్దాం" అంటాడు, తల్లి "నా బిడ్డ యాడో బతికే ఉంటాడు, చేస్తే ఊరుకోను" అంటుంది. మీరు ఏ పక్షమూ వహించకండి. "ఇక ఆశ వదులుకోండమ్మా" అన్న మాట మీ నోట రాకూడదు. కార్యం చేస్తే పోలీసులు వెతకడం ఆపేస్తారనీ, కేసు మూసేస్తారనీ చాలామంది భయపడతారు. మిస్సింగ్ కేసుకూ దినాలకూ సంబంధం లేదని స్టేషన్లో కనుక్కుని, ఆ మాట పోలీసు చేతనే చెప్పించండి. సగం గొడవ అక్కడే తెగుతుంది. చట్టప్రకారం ఏడేళ్ళు ఆచూకీ లేకపోతేనే మరణించినట్టు భావిస్తారు. కానీ విపత్తుల్లో ప్రభుత్వాలు అంతకు ముందే మరణ ధ్రువపత్రం ఇచ్చే ప్రత్యేక పద్ధతి పెడతాయి, 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత పెట్టారు. మీ జిల్లాలో అలాంటి ఉత్తర్వు ఉందేమో కలెక్టరేట్‌లో అడగండి.

దేహం లేకుండా చేసే కార్యం శాస్త్రంలో ఉంది. 360 మోదుగాకు కాడలతో మనిషి ఆకారం కట్టి దానికి సంస్కారం చేసే పలాశ విధి ఒకటి. అందరూ అదే చేయరు, ఇంటి పురోహితుడో కులపెద్దో ఏది చెప్తే అది. ముస్లింలలో దేహం లేని జనాజా నమాజుపై (అంత్యక్రియల ప్రార్థనపై) మజ్‌హబ్‌ల (ధర్మశాస్త్ర శాఖల) మధ్య తేడా ఉంది, హనఫీ శాఖవాళ్ళు సాధారణంగా ఒప్పుకోరు. ఖురాన్ చదివించి దువా చేయించుకుంటారు. భర్త గల్లంతైన ముస్లిం మహిళకు 1939 నాటి వివాహ రద్దు చట్టం ప్రకారం నాలుగేళ్ళు ఆచూకీ లేకపోతే కోర్టుకు వెళ్ళే హక్కుంది. ఇప్పుడే ఆమెకు చెప్పాల్సిన పని లేదు, మీకు తెలిసి ఉంటే చాలు.

సాయం పంచే చోటు

గుడి అరుగు విశాలంగా ఉంది కదా అని బియ్యం మూటలు అక్కడ దించుతారు. ఎవరింట్లో మనిషి పోయాడో వాళ్ళు మైలలో ఉంటారు, దినాలు అయ్యేదాకా గుడి మెట్టెక్కరు. అంటే అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్న ఇంటికే సాయం అందదు. బాలింతలూ నెలసరిలో ఉన్న ఆడవాళ్ళూ రారు. కొన్ని ఊళ్ళల్లో దళితవాడ వాళ్ళు ఆ గుడి దగ్గరికి వచ్చి నిలబడటానికే వెనకాడతారు. మసీదు, చర్చి విషయంలోనూ అంతే, రాలేనివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ప్రాణాలు కాపాడుకునే రాత్రి ఎవరూ ఇవి చూడరు, ఎత్తుగా ఉంటే చాలు. మూడో రోజు నుంచి మాత్రం పంపకాన్ని బడికో, గ్రామ సచివాలయానికో, కల్యాణ మండపానికో మార్చండి.

ఇద్దత్‌లో ఉన్న ముస్లిం వితంతువు నాలుగు నెలల పది రోజులు, గర్భిణి అయితే కాన్పు అయ్యేదాకా, వీలైనంతవరకు ఇల్లు దాటదు. బయోమెట్రిక్, బ్యాంకు ఖాతా, ఎక్స్‌గ్రేషియా అర్జీ, అన్నిటికీ రమ్మంటారు. వేలిముద్ర యంత్రం పట్టుకుని మహిళా సిబ్బందే ఇంటికి పోయేలా ముందే మాట్లాడండి. "రాలేదు కాబట్టి పేరు తీసేశాం" అన్నాక పరుగెత్తడం కన్నా ఇది తేలిక.

మన దగ్గర వరదలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2009లో కర్నూలును తుంగభద్ర, హంద్రీ ముంచిందీ, మంత్రాలయం మఠంలోకి నీళ్ళొచ్చిందీ అక్టోబరు మొదట్లోనే. అనంతపురంలో కాలనీలు మునిగింది 2022 అక్టోబరులో. అంటే దసరా, దీపావళి, కార్తీకం, అయ్యప్ప మాలలు. శిబిరంలో కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవాళ్ళకు రాత్రి భోజనం ఉంచాలి. మాల వేసుకున్నవాళ్ళకు తెల్లవారుజామున స్నానానికి నీళ్ళు ఉంటే చాలు. కోడికూర వండిన రోజు శాకాహారం గరిటె విడిగా పెట్టండి. పెద్ద పనులేం కావివి.

బురద ఎత్తేటప్పుడు తడిసిన దేవుడి పటాలు, ఖురాన్ ప్రతులు, బైబిళ్ళు చెత్త ట్రాక్టరులోకి పోతాయి. జేసీబీ వచ్చే ముందు వీధికో శుభ్రమైన సంచి ఇచ్చి వేరు చేయించండి. ఖురాన్ ప్రతుల్ని మసీదువాళ్ళు శుభ్రమైన చోట పూడుస్తారు. పటాల్ని ఏట్లో వదలడమో చెట్టు మొదట పెట్టడమో ఆ ఇళ్ళవాళ్ళే చూసుకుంటారు. ఇది పది నిమిషాల పని, చేయకపోతే ఊరిమధ్య తగాదా అవుతుంది.

మాట్లాడేటప్పుడు

"మీరే మతం?" అని మొదలుపెట్టకండి. ఇలా అడగొచ్చు: "ఇంట్లో చేయాల్సిన కార్యాలు ఏమన్నా ఆగిపోయినాయా?" "ఇట్లాంటప్పుడు మీకు ధైర్యం యాడనుంచి వస్తాది?" "ఎవరితో మాట్లాడితే కొంచెం తేలికవుతాది?" ఈ మూడు చాలు. గుడి, దర్గా, చర్చి అని జవాబు వస్తే అది వాళ్ళు తెరిచిన తలుపు. మేనమామ అనో, పొలం అనో వస్తే ఆ దారినే పోండి.

మీరు అనకూడని మాటలు: "అంతా దేవుడి లీల", "మంచోళ్ళనే తొందరగా తీసుకుపోతాడు", "పూర్వజన్మ కర్మ". నమ్మేవాళ్ళ నోట ఈ మాట ఓదార్పు, మీ నోట తీర్పు. వాళ్ళే అంటే మాత్రం ఖండించొద్దు. కాకపోతే ఏ రకంగా అంటున్నారో వినండి. మతాన్ని ఆసరా చేసుకోవడంపై అమెరికన్ మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్ చేసిన విభజన ఇక్కడ బాగా పనికొస్తుంది: ఒకటి నిలబెట్టేది, ఇంకొకటి తొక్కేది. "రాసిపెట్టిండాది, ఏం జేస్తాం సామీ, పిల్లోల్ని సాకాల గదా" అన్నామె విధిని తలుచుకుంటూనే రేపటి సంగతి చూస్తోంది. "నేను మొక్కు తీర్చలేదు, అందుకే నా బిడ్డను తీసకపాయ" అన్నామె తన్ను తాను శిక్షించుకుంటోంది. ఈ రెండో ఇంటికి మీరు మళ్ళీ మళ్ళీ పోవాలి.

చెయ్యేటి వరద వచ్చింది కార్తీక పౌర్ణమి నాడు. దీపాలు పెట్టడానికి శివాలయానికి పోయినవాళ్ళు కూడా కొట్టుకుపోయారు. అలాంటి చోట "దేవుని కాడికి పోయినోళ్ళనే చంపితే వాడేం దేవుడు" అన్న కోపం రావడం సహజం. దాన్ని చల్లార్చే పని పెట్టుకోకండి. జవాబు చెప్పకండి, పూజారిని పంపకండి. పక్కన కూర్చోండి. మొక్కు వల్లే జరిగిందని కుమిలిపోతున్నవాళ్ళకు మాత్రం, వాళ్ళు నమ్మే పెద్దమనిషి వచ్చి "నీ తప్పేం లేదమ్మా" అంటే, మనం ఎన్ని వారాలు మాట్లాడినా రాని ఊరట వస్తుంది. అడిగి, ఆమె ఒప్పుకుంటేనే పిలిపించండి. ఆ పెద్దమనిషి ఏం చెప్పబోతున్నాడో ముందే విని పెట్టుకోండి. "ప్రాయశ్చిత్తంగా ఇంత ఖర్చు పెట్టాలి" అనే రకమైతే వద్దు.

పోయినవాళ్ళు కలలోకి వచ్చారనీ, గొంతు వినిపించిందనీ మొదటి నెలల్లో చెప్పడం రోగం కాదు. "రమ్మంటున్నాడు, నేనూ పోతా" అంటే మాత్రం ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఒకరికి చెప్పి, పురుగుల మందు డబ్బాలు తీయించి, అదే రోజు జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. టెలిమానస్ 14416 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మిమ్మల్ని కూడా ప్రార్థన చేయమంటే? నిలబడండి, తల వంచండి, చాలు. నడిపించేది మీరు కాకూడదు, మీకు ఎంత భక్తి ఉన్నా సరే. నాస్తికులైతే అసలు చిక్కే లేదు, నిలబడటానికి నమ్మకం అక్కర్లేదు.

పిల్లల దడుపు, తాయెత్తు

వరద చూసిన పిల్లలు రాత్రి ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం, వాన చప్పుడుకు తల్లిని పట్టుకుని వదలకపోవడం మామూలే. ఇక్కడ తల్లులు ముందు మసీదు దగ్గర ఊదించుకుని, అంత్రం (తాయెత్తు) కట్టిస్తారు. అడ్డు చెప్పకండి. తల్లి భయం తగ్గితే పిల్లవాడి భయం సగం తగ్గుతుంది. దాంతోపాటు రోజూ ఒకే వేళకు తిండి, ఆట, బడి, రాత్రి పక్కనే పడుకోబెట్టుకోవడం చెప్పండి. నెల దాటినా తగ్గకపోతేనో, మాట, తిండి మానేస్తేనో డాక్టరు దగ్గరికి.

గీత ఎక్కడంటే: కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, పస్తు ఉంచడం, గొలుసు కట్టడం, మూర్ఛకో మానసిక జబ్బుకో వాడుతున్న మందు ఆపించడం. వీటిలో ఏది కనిపించినా గౌరవం, సంస్కృతి అన్న మాటలు పక్కన పెట్టి ఆపాలి. తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో 2001లో మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

కరువు జిల్లా సంగతి

మీరు వరద గురించే అడిగారు కానీ, అనంతపురం వైపు పనిచేయాల్సి వస్తే విపత్తు ఏళ్ళ తరబడి సాగుతుంది. వానల కోసం విరాటపర్వం చదివించడం, కప్పను ఊరేగించడం చూసి నవ్వకండి. ఊరంతా ఒకచోట చేరే సందర్భాలవి, ఎవరు రాలేదో చూస్తే ఎవరు కుంగి ఉన్నారో తెలుస్తుంది. అప్పులతో ఆత్మహత్య జరిగిన ఇంట్లో "దుర్మరణం" అని కార్యం కుదించేస్తారు, బంధువులు రారు, ఆ భార్యకు ఏడ్చే చోటు కూడా ఉండదు. ఇంకోపక్క దినాల ఖర్చుకు మళ్ళీ అప్పు చేస్తారు. చిన్నగా చేయమని మీరు చెప్తే అవమానం, ఊరి పెద్దో పాస్టరో చెప్తే మర్యాద. బొట్టు, గాజులు తీసేసే తంతు గురించి పదో రోజున సంస్కరణ ఉపన్యాసం పెట్టకండి. ముందే ఆమెను ఒంటరిగా అడగండి, ఏం కావాలో. వద్దంటే, అత్తో పెద్ద ఆడబిడ్డో అయిన ఒకరిని ఆమె తరఫున నిలబెట్టండి.

మత సంస్థలతో కలిసి పని

తప్పకుండా చేయండి. వంటపాత్రలు, మనుషులు, నమ్మకం వాళ్ళ దగ్గర ఉన్నాయి. సత్యసాయి ట్రస్టు 1990లలో అనంతపురం జిల్లాలో వందల ఊళ్ళకు తాగునీళ్ళిచ్చినప్పుడు కుళాయి దగ్గర ఎవరి భక్తినీ అడగలేదు. జెస్యూట్‌గా భారతదేశం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మతప్రచారం జోలికి పోకుండానే అనంతపురంలో ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థను నడిపారు. కొలత ఇదే. రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థల 1994 ప్రవర్తనా నియమావళి మూడో సూత్రం సాయాన్ని రాజకీయ, మత ప్రచారానికి వాడొద్దంటుంది. కలిసి పనిచేసే ముందే మూడు మాటలు కాగితం మీద పెట్టుకోండి: పంచేచోట ప్రార్థన, నినాదం ఉండవు, బ్యానరు ముందు బాధితుల ఫోటోలు ఉండవు, సాయం అందాల్సినవాళ్ళ జాబితా ఇళ్ళ లెక్కన రాసి మీ దగ్గరే ఉంచుకుంటారు. ఒప్పుకోకపోతే వాళ్ళ దారి వాళ్ళది. ఇంకొకటి, "పాస్టర్" అంటే ఒక్కరనుకోకండి. ఒకే వాడలో రెండు మూడు స్వతంత్ర సంఘాలు ఉంటాయి, ఒకరిని పిలిస్తే రెండోవారి మనుషులు రారు.

ఇక సర్వమత ప్రార్థన

మొదటి నెలలో వద్దు. అప్పుడు ఎవరి కార్యం వాళ్ళకే సరిపోతుంది. వేదిక మీద ముగ్గురు మతపెద్దలు, కింద ఏడుస్తున్న కుటుంబాలు, చుట్టూ కెమెరాలు: ఇందులో బాధితులకు ఒరిగేది తక్కువ. మైలలో ఉన్నవాళ్ళు, ఇద్దత్‌లో ఉన్నవాళ్ళు ఎలాగూ రాలేరు. పెట్టాలనుంటే ఏడాది నిండినప్పుడు పెట్టండి. తేదీ మీరు నిర్ణయించకండి. హిందూ కుటుంబాలకు సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది. చెయ్యేటి వరద 2021లో నవంబరు 19, మరుసటి ఏడాది కార్తీక పౌర్ణమి నవంబరు 8న వచ్చింది. హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) లెక్కలో ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. మీ ఫాలోఅప్ రిజిస్టరులో ఇంగ్లీషు తేదీ పక్కన తిథి, హిజ్రీ తేదీ కూడా రాసుకోండి. ఆ రోజులకు రెండు వారాల ముందు నుంచే నిద్ర పట్టకపోవడం, తాగుడు పెరగడం కనిపిస్తాయి కాబట్టి ఇళ్ళకు అప్పుడే పోవాలి.

కార్యక్రమం ఆరుబయట, చెప్పులతో నిలబడగలిగే చోట పెట్టండి. పోయినవాళ్ళ పేర్లు కులం, మతం లేకుండా అక్షరక్రమంలో చదవండి. ఒక్క పేరూ తప్పు పలక్కుండా ముందురోజు ఇంటింటికీ పోయి సరిచూసుకోండి. తర్వాత రెండు నిమిషాల మౌనం. ప్రార్థన చేసుకునేవాళ్ళు చేసుకుంటారు. ముందు వరుస కుర్చీలు కుటుంబాలకు. మతపెద్దలూ నాయకులూ అధికారులూ వెనక, మైకు ఎవరికీ ఇవ్వొద్దు.